ఆఫ్రికన్ కొట్లో దొరికే పొగ రొయ్యలు: ఏ పొట్లం కొనాలి, ఎంత వేయాలి

హ్యూస్టన్, లండన్, టొరంటో లాంటి ఊళ్ళలో ఎండు రొయ్యల కోసం తిరిగే తెలుగువాళ్ళకు ఏదో ఒక రోజు నైజీరియా, ఘానా సరుకులమ్మే కొట్టు తగులుతుంది. అక్కడ ఎర్ర పామాయిలు సీసాల పక్క అరలో, లోపలి సరుకు కనబడే పొట్లాల్లో, ముడుచుకుపోయిన ముదురు గోధుమరంగు రొయ్యలుంటాయి. పైన 'స్మోక్డ్ ష్రింప్' అనో 'డ్రైడ్ క్రేఫిష్' అనో రాసుంటుంది. చూడగానే మన ఎండు రొయ్యలేగా అనిపిస్తుంది. ఇంటికి తెచ్చి, అలవాటు ప్రకారం రెండు గుప్పెళ్ళు వేసి వంకాయ కూర వండితే, గిన్నెంతా పొగచూరు వాసన. కూరతో పాటు మిగిలిన పొట్లం కూడా చెత్తబుట్టలోకి పోతుంది.

తప్పు రొయ్యలది కాదు, కొలతది. ఇవి కూరలో ముక్కలుగా నమలడానికి వేసుకునేవి కావు. ఇంగువలాగా, ధనియాల పొడిలాగా కూరకు వాసన, రుచి పట్టించే దినుసు. అలా వాడేవాళ్ళకు ఇది వంటింట్లో ఉండాల్సిన సరుకే. మునక్కాడతో కలిపి నమలడానికి రొయ్యలు కావాలంటే మాత్రం ఈ పొట్లం వద్దు.

ముందు పేరు సంగతి చూడాలి, ఎందుకంటే పేరు చూసే చాలామంది తప్పు పొట్లం కొంటారు. నైజీరియాలో 'క్రేఫిష్' అంటే మంచినీటి వాగుల్లో ఉండే, పట్టుకారులాంటి గోళ్ళున్న జీవి కాదు. ఉప్పుటేరుల్లో, నది సముద్రంలో కలిసేచోట పడే చిన్న తెల్ల రొయ్య అది. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు నెమటోపలేమన్ హాస్టేటస్. మన రొయ్యపొట్టు కంటే కాస్త పెద్దగా ఉంటుంది. అక్కడివాళ్ళు దాన్ని దంచి పొడిచేసి వాడతారు. 'స్మోక్డ్ ష్రింప్' పొట్లాల్లో ఉండేవి సాధారణంగా అంతకంటే పెద్ద సముద్రపు రొయ్యలు. పశ్చిమ ఆఫ్రికా తీరంలో రొయ్యల పేరు ఒక దేశానికే పెట్టారు: 1472లో పోర్చుగీసు నావికులు వూరి నదిలో రొయ్యల గుంపులు చూసి దాన్ని 'రొయ్యల నది' అన్నారు. పోర్చుగీసు భాషలోని ఆ మాటే చివరికి కామెరూన్ అయింది.

కాకినాడలోనో మచిలీపట్నంలోనో రొయ్యల్ని ఎండలో పరిచి ఆరబెడతారు. నైజీరియా, ఘానాలున్న గినియా సింధుశాఖ ఒడ్డున ఆ పద్ధతి ఏడాది పొడవునా సాగదు. అక్కడ వానాకాలం దీర్ఘం, గాలిలో తేమ ఎక్కువ. ఎండను నమ్ముకుంటే పొద్దున పరిచిన సరుకు సాయంత్రానికి కంపు కొడుతుంది. అందుకే పొయ్యి. ఘానా రాజధాని అక్రాలో చోర్కోర్ అనే మత్స్యకారుల పేట ఉంది. 1969-70 ప్రాంతంలో అక్కడ రూపుదిద్దుకున్న పొయ్యికి ఆ పేటే పేరయింది. మట్టితోనో ఇటుకతోనో కట్టిన దీర్ఘచతురస్రపు పొయ్యి, కింద రెండు మంట నోళ్ళు, పైన వలకంపి బిగించిన చెక్క చట్రాలు ఒకదాని మీద ఒకటి. వేడి, పొగ పక్కలకు పోకుండా చట్రాల గుండా పైకి పాకుతాయి. పాత గుండ్రటి పొయ్యిలతో పోలిస్తే ఒకేసారి ఎక్కువ సరుకు పడుతుంది, కట్టెలు తక్కువ కాలతాయి. పై చట్రాలను కిందికి, కింది వాటిని పైకి మారుస్తూ ఉండకపోతే కింది వరస మాడి పై వరస పచ్చిగా మిగులుతుంది. పొట్లంలో కొన్ని నల్లగా, కొన్ని లేత నారింజరంగులో మెత్తగా కనిపిస్తే, ఆ మార్చే పని సరిగ్గా జరగలేదని అర్థం.

పొగ ఇక్కడ రెండు పనులు చేస్తుంది. పొయ్యి వేడి రొయ్యలోని నీటిని లాగేస్తుంది. పొగలోని ఫినాల్ జాతి పదార్థాలు కొవ్వు పాతబడి వాసన రావడాన్ని అడ్డుకుంటాయి, సూక్ష్మజీవుల్ని కొంత అణుస్తాయి. ఆ ఫినాల్సే వాసన కూడా. పచ్చి రొయ్యలో 78 శాతం దాకా నీరుంటుంది. దాన్ని 15 శాతానికి దించాలంటే సుమారు 4 కిలోల పచ్చి రొయ్య కిలో ఎండు సరుకవుతుంది. ధర ఎక్కువనిపించినప్పుడు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. మరీ చవగ్గా అమ్మేవాటిలో ఉప్పో తేమో బరువు తూగుతుంటుంది.

ఏ రూపంలో కొనాలి

తలా పెంకూ ఉన్న పూర్తి రొయ్యలే కొనండి. వీటిలో దాచడానికేమీ ఉండదు, అంతా కంటికి కనబడుతుంది. తలలు తీసేశాక మూడో వంతు పైనే బరువు పోతుంది కాబట్టి 100 గ్రాముల పొట్లంలో చేతికొచ్చేది 60 గ్రాములనుకోండి. తల, పెంకు తీసి అమ్మేవి శుభ్రంగా ఉంటాయి, పని తగ్గుతుంది, పొగ ఘాటు కూడా తక్కువే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు అవి మంచివి, కాకపోతే ఖరీదు.

పొడి మాత్రం కొనొద్దు. నైజీరియా ఇళ్ళలో రోజూ వాడేది పొడే అయినా, వాళ్ళు నమ్మకమైన చోట రొయ్యలు కొని తామే దంచుకుంటారు, లేదా కళ్ళ ముందే మరపట్టిస్తారు. ముందే పొడిచేసిన పొట్లంలో ఇసుక ఎంతో, విరిగిన తలలూ మీసాలూ ఎంతో, పురుగు తిన్న సరుకు ఎంతో తెలీదు. పైగా రుబ్బిన దగ్గర్నుంచీ వాసన గాల్లో కలిసిపోతూనే ఉంటుంది. రెండు నెలల తర్వాత మిగిలేది ఉప్పు, చేపల కంపు.

నూనెలో వేసి చిన్న డబ్బాల్లో అమ్మే పొగ రొయ్యలు వేరే సరుకు. అవి మెత్తగా, తినడానికి సిద్ధంగా ఉంటాయి, మన వంటలకు కుదరవు. చైనా కొట్లలోనూ అమెరికాలో లూసియానా పేరుతోనూ దొరికే నారింజరంగు ఎండు రొయ్యలు ఉప్పునీళ్ళలో ఉడికించి ఆరబెట్టినవి, వాటికి పొగ తగలదు. గుప్పెళ్ళతో వేసుకునే మన కూరకు అవే దగ్గర.

పొట్లం చేతిలోకి తీసుకున్నాక

రంగు ముదురు గోధుమ, దానిలో ఎరుపు జాడ ఉండాలి. మెరిసే నారింజ, గులాబి రంగులు అనుమానించాల్సినవే. ఇంటికెళ్ళాక ఒక పరీక్ష ఉంది. రొయ్యకు సహజంగా ఎరుపునిచ్చేది ఆస్టాజాంథిన్ అనే పదార్థం. అది కొవ్వులో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. నాలుగు రొయ్యల్ని గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు ఉంచితే నీళ్ళు లేత టీ రంగుకు, కొంచెం మబ్బుగా మారాలి. కడిగిన కుంకుమలా గులాబి, నారింజ దిగితే రంగు కలిపారని తెలుస్తుంది. అవే రొయ్యల్ని వేడి నూనెలో వేస్తే నూనె ఎర్రబారడం సహజం, దానికి భయపడక్కర్లేదు.

పొట్లం ఊపితే గలగలమనాలి. మెత్తగా అణిగిపోతే తేమ ఉంది. అడుగున సన్నటి గోధుమరంగు పొడి పేరుకుని, రొయ్యల మీద సూదిమొన లాంటి రంధ్రాలుంటే పురుగు పట్టింది. ఎండు చేపల్ని తినే డెర్మెస్టిస్ పెంకుపురుగు, నీలంగా మెరిసే నెక్రోబియా పురుగు ఈ సరుకుకు ఆజన్మ శత్రువులు. డెర్మెస్టిస్ పిల్లపురుగు ఒళ్ళంతా వెంట్రుకలతో ఉంటుంది, అది విడిచిన పొరలు కూడా పొడిలో కనబడతాయి. రొయ్యల మీద తెల్లటి పూత కనిపిస్తే వేలికి రుద్ది చూడాలి. కరకరలాడే పలుకులైతే ఉప్పు, మెత్తటి నూగులాంటిదైతే బూజు. బూజు పట్టిన వాటిని కడిగి వాడుకుందామనుకోవద్దు. తలల దగ్గర కొద్దిగా నలుపు ఉండటం తప్పు కాదు, రొయ్య చనిపోయాక దాని ఎంజైములు తెచ్చే రంగది. పొట్లం తెరవగానే కట్టెపొగ, ఆ వెనక తియ్యటి రొయ్య వాసన రావాలి. ముక్కుకు గుచ్చుకునే అమ్మోనియా వాసన వస్తే పొయ్యెక్కకముందే రొయ్య పాడైందన్నమాట. దాన్ని ఏ చింతపండూ బాగుచేయలేదు.

ఒంటికి ఏమిస్తాయి

100 గ్రాముల్లో 60 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటాయని పొట్లాలమీద గొప్పగా కనబడుతుంది. నిజమే, కానీ ఎవరూ 100 గ్రాములు తినరు. మనిషికి 10 గ్రాములు పడితే 6 గ్రాముల మాంసకృత్తులు, ఒక కోడిగుడ్డంత. ఆకుకూరలు, పప్పులతో నడిచే భోజనానికి ఆ కాస్తా విలువైనదే. దానితో పాటు బి12, అయోడిన్, సెలీనియం, జింకు వస్తాయి. కొవ్వు చాలా తక్కువ కాబట్టి, చేపనూనె లాభాలు వీటినుంచి ఆశించకూడదు. కొలెస్ట్రాల్ 10 గ్రాములకు సుమారు 60 మిల్లీగ్రాములు, గుడ్డులో ఉండేదాంట్లో మూడో వంతు. కాల్షియం దాదాపుగా పెంకులో ఉంటుంది. పెంకుతో సహా మెత్తగా పొడిచేసి తింటేనే అది దక్కుతుంది, ఒలిచి పారేస్తే లేదు.

ఉప్పు విషయంలో పొట్లానికీ పొట్లానికీ పొంతన ఉండదు. కొందరు పొగబెట్టేముందు ఉప్పునీళ్ళలో ముంచుతారు, కొందరు ముంచరు. కాబట్టి సోడియం అంకె చదవండి, లేదా ఒక రొయ్య నోట్లో వేసుకుని చూడండి. ఏ వంటలోనైనా రొయ్యలు కలిపాకే ఉప్పు వేయాలి, ముందు కాదు.

పొగ గురించి మెత్తగా మాట్లాడి ప్రయోజనం లేదు. కట్టె సరిగ్గా కాలనప్పుడు పుట్టే బెంజో(ఏ)పైరీన్ లాంటి పదార్థాలు క్యాన్సర్ కారకాలు. పొగబెట్టిన చేపలకు ఐరోపా సమాఖ్య పెట్టిన హద్దు కిలోకు 2 మైక్రోగ్రాముల బెంజో(ఏ)పైరీన్; ఆ జాతివి నాలుగు కలిపి 12. పాతకాలపు పొయ్యిల్లో నేరుగా మంట మీద పొగబెట్టిన సరుకు ఈ హద్దు దాటడం తరచూ జరిగేదే. అందుకే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సెనెగల్‌లోని థియరోయ్ శిక్షణ కేంద్రంతో కలిసి, ముందు బొగ్గుతో ఆరబెట్టి తర్వాత విడిగా పుట్టించిన పొగ పట్టించే కొత్త పొయ్యిని రూపొందించింది. వంటింట్లో మన చేతిలో ఉన్నవి మూడు: నల్లగా మాడినవాటిని ఏరి పారేయడం, పొగ ముందుగా తగిలే పెంకును వీలైనంత ఒలవడం, వారానికి ఒకటి రెండుసార్లు కొద్దిగా వాడటం. పెంకులో కాల్షియం కావాలా, పొగ తగ్గాలా అంటే పొగ తగ్గించుకోవడమే మేలు. కాల్షియానికి పెరుగుంది.

రొయ్యలు పడనివాళ్ళకు ఇవీ పడవు. అలర్జీ తెచ్చే ట్రోపోమయోసిన్ వేడికి, పొగకు చెక్కుచెదరదు. పొడి కొట్టేటప్పుడు లేచే దుమ్ము పీల్చినా ఇబ్బంది వస్తుంది. అలాంటివాళ్ళు ఇంట్లో ఉంటే ఈ సరుకు తేకపోవడమే మంచిది. గౌట్ (యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చే కీళ్ళనొప్పి) ఉన్నవాళ్ళు వైద్యుణ్ణి అడిగి తినాలి.

శుభ్రం చేయడం

తల, తోక తుంచి, కాళ్ళూ మీసాలూ పోవడానికి గరుకు గుడ్డలో వేసి చేతులతో నలిపి చెరగాలి. తలల్లో రుచి ఉన్నమాట నిజమే కానీ, ఇసుకా చేదూ కూడా అక్కడే. పెద్ద రొయ్యల తలలు తీసేయండి. చిన్న 'క్రేఫిష్' తలలు తీయడం కుదరని పని, వాటికి రెండుసార్లు కడుగు చాలు. తర్వాత వేడినీళ్ళలో 10-15 నిమిషాలు. అంతకు మించి నానిస్తే రుచంతా నీళ్ళలోకి దిగి, రొయ్య తడిసిన అట్టముక్కలా అవుతుంది. ఆ నీళ్ళు పారబోయకండి. ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్ళు వంపుకుంటే పులుసుకు పనికొస్తాయి. అడుగు రెండు చెంచాల నీళ్ళలో ఇసుక ఉంటుంది, దాన్ని వదిలేయాలి.

పొడికైతే నానబెట్టక్కర్లేదు. ఒట్టి మూకుడులో సన్నటి సెగ మీద నాలుగైదు నిమిషాలు వేడిచేసి, పూర్తిగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. వేడిమీద రుబ్బితే ఆవిరి మూతకు పట్టి పొడి ఉండకడుతుంది. దోరగా వేగాలని ఎక్కువసేపు ఉంచితే చేదెక్కుతుంది. ఇవి పొయ్యి మీదే తయారైనవి, మళ్ళీ వేయించాల్సిన పని లేదు.

దేనిలో బాగుంటాయి

ముందు వీటి సొంతింటి వంట. ఘానాలో షిటో అనే నల్లటి కారం పచ్చడి ఉంది. గా భాషలో ఆ మాటకు మిరప అనే అర్థం. ఈ రొయ్యలకు ఇంతకంటే మంచి వాడకం లేదు, తెలుగు నాలుకకు ఇంతకంటే దగ్గరి ఆఫ్రికా వంటా లేదు. నూనె 250 మిల్లీలీటర్లు, ఉల్లిపాయలు 200 గ్రాములు, అల్లం 50, వెల్లుల్లి 25, టమాటా పేస్టు 60, కారం 25, పొగ రొయ్యల పొడి 50 గ్రాములు. ఉల్లి, అల్లం, వెల్లుల్లి నీళ్ళు పోయకుండా రుబ్బి, నూనెలో నడిమి సెగ మీద 20-25 నిమిషాలు వేయించాలి. బుడగల చప్పుడు సన్నగిల్లితే నీరు ఇగిరినట్టు. అప్పుడు టమాటా పేస్టు వేసి 10-15 నిమిషాలు, పుల్లటి పచ్చివాసన పోయేదాకా. సెగ బాగా తగ్గించి కారం, రొయ్యల పొడి వేసి, అడుగు గీకుతూ మరో 15-20 నిమిషాలు కలపాలి. కాఫీ గింజ రంగు వచ్చి, నూనె పైకి తేలితే అయిపోయినట్టు. ఉప్పు చివర్న, రుచి చూసి.

దీన్ని చెడగొట్టేవి రెండు. రొయ్యల పొడిని ముందే నూనెలో వేస్తే గంటసేపటి వంటలో మాడి చేదవుతుంది. ఉల్లిలో నీరు పూర్తిగా ఇగరకముందే టమాటా వేస్తే వారం తిరక్కుండా బూజు పడుతుంది. మన ఆవకాయలా దీనిలో పులుపూ ఉప్పూ అంత ఉండవు. నూనెలో వెల్లుల్లి ఉన్న పచ్చడిని బయట నిలవ ఉంచడం ప్రమాదం కూడా. కాబట్టి సీసాలో నూనె పైకి తేలేలా నింపి ఫ్రిజ్‌లోనే పెట్టాలి, పొడి చెంచాతోనే తీయాలి. వేడన్నంలోకి, దోసెలోకి అద్భుతంగా ఉంటుంది.

నైజీరియా ఎగుసి కూరలో పుచ్చజాతి గింజల పొడి, ఆకుకూర, పామాయిలు ఉంటాయి. నలుగురికి రెండు పెద్ద చెంచాల క్రేఫిష్ పొడి పడుతుంది. అట్లాంటిక్ అవతల బ్రెజిల్‌లోని బహియాలో అకరజే చేస్తారు. నానబెట్టి పొట్టు తీసిన అలసందలు, ఉల్లిపాయ కలిపి రుబ్బి, ఎర్ర పామాయిల్లో వేయించే వడ అది. చీల్చి లోపల ఎండు రొయ్యలు, కొబ్బరిపాలతో చేసిన ముద్ద పెడతారు. బానిసలుగా తరలించిన యొరుబా ప్రజలు తమ అకరా వడను అక్కడికి తీసుకెళ్ళారు. మన అలసంద వడ పిండిలో, పావుకిలో అలసందలకు రెండు చిన్న చెంచాల పొగ రొయ్యల పొడి కలిపి చూడండి. పిండిలో ఉప్పు సగానికి తగ్గించాలి. వడ వేగాక వచ్చే వాసన ఈ పొట్లం ఖరీదుకు న్యాయం చేస్తుంది.

మన కూరల్లో పులుపున్నవి పొగను బాగా మోస్తాయి. గోంగూర అందులో మొదటిది. పావుకిలో ఆకుకు మామూలు ఎండు రొయ్యలు 60-70 గ్రాములు వేసేచోట ఇవి 15 గ్రాములు చాలు. ఉల్లి, పచ్చిమిర్చి వేగాక నానిన రొయ్యలు వేసి రెండు నిమిషాలు, తర్వాత ఆకు, తేర్చిన నీళ్ళు అరకప్పు, దగ్గరపడేదాకా ఉడకడం. చింతచిగురూ అంతే. కాల్చిన వంకాయ పచ్చడికి ఒక చిన్న చెంచా పొడి కలిపితే, గ్యాస్ పొయ్యి మీద కాల్చిన వంకాయకు కుంపటి మీద కాల్చినంత రుచి వస్తుంది. సొరకాయ, దోసకాయ మాత్రం పనికిరావు. ఆ కూరల చల్లదనాన్ని పొగ మింగేస్తుంది. మెంతికూరతో వేస్తే చేదు మీద చేదు. గరం మసాలా వేసిన కూరలో వీటిని వేయడం వృథా, రెండు వాసనలూ కొట్టుకుని ఏదీ మిగలదు.

కారప్పొడి కావాలంటే 50 గ్రాముల రొయ్యలకు ఎండుమిర్చి 12, ధనియాలు రెండు చెంచాలు, జీలకర్ర ఒక చెంచా, వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, ఉసిరికాయంత చింతపండు. మిర్చి, ధనియాలు, జీలకర్ర విడిగా వేయించి ముందు రుబ్బి, రొయ్యల్ని తర్వాత, వెల్లుల్లిని ఆఖర్న ఒక్క తిప్పు. చింతపండును మూకుడు వేడిమీద పెళుసెక్కేదాకా ఆరబెట్టకపోతే పొడి ముద్దకడుతుంది. ఫ్రిజ్‌లో నెలరోజులు బాగుంటుంది.

మిగిలిన పొట్లాన్ని మసాలా డబ్బాల పక్కన పెట్టకండి, వారం తిరిగేసరికి మిరియాలకూ పొగ వాసనే వస్తుంది. గాజు సీసాలో గట్టిగా మూతపెట్టి, తెచ్చిన వెంటనే ఫ్రీజర్‌లో ఉంచాలి. మైనస్ 18 డిగ్రీల్లో వారం ఉంటే కంటికి కనబడని పురుగు గుడ్లు కూడా చస్తాయి. తీసినప్పుడు సీసా చల్లదనం పోయాకే మూత తెరవాలి. చల్లటి సీసాను అలాగే తెరిస్తే గాలిలో తేమ రొయ్యల మీద నీరై దిగుతుంది, గినియా సింధుశాఖ ఒడ్డున అంతసేపు పొయ్యి మీద తీసేసిన తడి మళ్ళీ అంటుకుంటుంది.